ఖాలీ ఖానా

మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ నౌకరీ చేస్తాడు. రెండేళ్ల కిందట, రంజాన్ ఇంకో నెల ఉందనగా ఫోన్ చేసి, "మామూ, మీ అల్ఫాజ్ కొంచెం కావాలి" అన్నాడు.

సంగతేమంటే, కడపలో మా మొహల్లా పెద్దలు కొందరు కలిసి జకాత్ పైసలతో పేద పిల్లలకు కాలేజీ ఫీజులు కడుతుంటారు. పెద్ద ఆఫీసేం లేదు. మసీదు పక్కన ఒక గది, ఒక ఇనుప బీరువా, దాని నిండా అర్జీలు. ఏటేటా అర్జీలు పెరిగి బీరువా తలుపు మూసుకోవడం మానేసింది. అది చూసి మావాడు, "వెబ్‌సైట్ నేను చేసిస్తా, పైసా వద్దు, సవాబ్ చాలు" అన్నాడు. పిల్లలు ఫోన్లోనే ఫారం నింపుతారు. అర్జీ అందినట్టు ఒక మెయిల్, ములాఖాత్‌కు పిలుస్తూ ఒక మెయిల్, ఫీజు మంజూరైతే ఒకటి, కాకపోతే ఒకటి వాటంతటవే పోతాయి. ఆ నాలుగు ఖత్‌లు తెలుగులో, ఉర్దూలో నేను రాసివ్వాలి.

ఇరవై ఏళ్లుగా అక్షరాలే నా రోజీ. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. రెండు జబానుల్లో నాలుగు ఖత్‌లు రాయడం ఎంతసేపు అనుకున్నా. అరగంటలో రాసి పంపేశా. ఆ అరగంట గురించే ఇప్పుడు చెప్పాలి.

నిజానికి ఖత్ ఎట్లా రాయాలో నాకు నేర్పింది స్కూలు కాదు, మా అబ్బా. ఆయన కట్టెల డిపోలో ముంషీ. సాయంత్రం ఇంటికొచ్చి చాయ్ తాగేసరికి గడప దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూచుని ఉండేవాళ్ళు. వాళ్ళ మగవాళ్ళంతా కువైట్లోనో సౌదీలోనో ఉండేవాళ్ళు. చేతిలో నీలం రంగు ఏరోగ్రామ్. అబ్బా పైన 786 వేసి, కలం ఎత్తకుండా మొదటి వాక్యం రాసేసేవారు: "బాద్ సలామ్ కే వాజే హో కె హమ్ యహాఁ ఖైరియత్ సే హైఁ, ఆప్ కీ ఖైరియత్ అల్లాహ్ తాలా సే నేక్ మత్లూబ్ హై." మేమిక్కడ క్షేమం, మీ క్షేమం అల్లాహ్‌ను కోరుకుంటున్నాం అని. రెండో వాక్యం కూడా ఎప్పుడూ అదే: "ఆప్ కా ఖత్ మిలా, పఢ్ కర్ బహుత్ ఖుషీ హుయీ." ఆ తర్వాతే "ఊఁ, బోలో అమ్మా" అని తల ఎత్తేవారు. ఆఖర్న చిన్నవాళ్ళకు దువా, పెద్దవాళ్ళకు సలాం. ఎవరి ఖత్ అయినా తల, కాళ్ళు ఒకటే. నడుమ మాత్రం ఎవరిది వాళ్ళది.

మావాడికి ఇది చెబితే నవ్వి, "మామూ, నానా టెంప్లేట్ వాడేవారన్నమాట" అన్నాడు.

టెంప్లేట్ అంటే ఏమిటో వాడు నాకు చెప్పిన పద్ధతిలోనే చెబుతా. షాదీ రుఖా అచ్చు వేసే ప్రెస్సులో ఒక నమూనా ఉంటుంది. బిస్మిల్లా, దావత్ మాటలు, వలీమా వరస అన్నీ ముందే కూర్చి ఉంటాయి. దుల్హా పేరు, దుల్హన్ పేరు, తారీఖు, షాదీఖానా పేరు ఉండే చోట్లు మాత్రం ఖాళీ. మనం వెబ్‌సైట్‌లో చూసే పేజీలు కూడా అంతే. "షేక్ రేష్మా, మీ అర్జీ అందింది" అనే పేజీని ఎవరూ కూచుని రాసి పెట్టరు. "ఫలానా, మీ అర్జీ అందింది" అనే నమూనా ఒక్కటే ఉంటుంది. రేష్మా లాగిన్ అయితే ఆ ఖానాలోకి రేష్మా పేరు, జావేద్ అయితే జావేద్ పేరు వచ్చి కూచుంటాయి. మావాడు వాడింది జంగో. 2005లో లోకానికి వచ్చింది. ఒక గిటార్ విద్వాంసుడి పేరు పెట్టారు దానికి. అందులో ఖాళీ ఖానాను రెండేసి మీసాల బ్రాకెట్ల నడుమ రాస్తారు. రైల్స్, లారావెల్ అని వేరే పనిముట్లు ఉన్నాయి. గుర్తులు కొంచెం అటూ ఇటూ గానీ కిటుకు అన్నింటిలో ఇదే.

మెయిల్ కూడా ఈ నమూనాతోనే తయారవుతుంది. నింపిన పేజీని బ్రౌజర్‌కు పంపే బదులు, వచ్చిన రాతను మొత్తం ఒక మూటగా కట్టి మెయిల్లో పెట్టి పంపుతారు. మావాడు ముందు తేలిక దారి పట్టాడు. వెబ్‌సైట్ పేజీ ఎట్లాగూ ఉంది కదా, అదే నమూనాను మెయిల్‌గా పంపేద్దాం అని. పరీక్షకు మొదటి ఖత్ నాకే పంపాడు.

తెరిచి చూస్తే నా ఫోన్లో ఒక ఉజాడ్ ఇల్లు. పైన వెబ్‌సైట్ మెనూ, దాని పక్కన "లాగౌట్" బటన్. ఉత్తరంలోంచి లాగౌట్ అయ్యేదెక్కడికి? రంగులన్నీ పోయి, రెండు వరసల్లో ఉండాల్సింది ఒకదాని మీద ఒకటి కూలబడింది. "మీ అర్జీ చూసుకోండి" అన్న లింకు నొక్కితే ఎక్కడికీ పోలేదు.

"ఎందుకురా?" అంటే ఓపిగ్గా చెప్పాడు. పేజీ మనింట్లో ఉంటుంది మామూ, పక్క గదికి దారి చెప్పాలంటే "పక్క గది" అంటే చాలు. మెయిల్ వాళ్ళింటికి పోతుంది. అక్కడికెళ్ళి "పక్క గది" అంటే వాళ్ళింటి పక్క గది ఏదని వెతుకుతుంది. లింకులో పూర్తి పతా ఉండాలి. రంగులు, అలంకరణ వేరే ఫైల్లో పెట్టి "అక్కణ్ణుంచి తెచ్చుకో" అంటే చాలా మెయిల్ యాప్‌లు తెచ్చుకోవు. ప్రతి వాక్యానికీ దాని పక్కనే రాసి పంపాలి. విండోస్ కంప్యూటర్లలోని అవుట్‌లుక్ అయితే 2007 నుంచీ మెయిల్‌ను వర్డ్ ఫైల్ చూపించినట్టు చూపిస్తూ వచ్చింది. అందుకే మెయిల్ నమూనాలు రాసేవాళ్ళు ఇప్పటికీ పాతకాలం టేబుల్ గళ్ళతోనే పని నడిపిస్తారు. 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి కింద ఒక లింకు పెడుతుంది.

దాంతో మెయిల్‌కు వేరే నమూనాలు రాశాడు. మెనూ లేదు, బటన్లు లేవు. ఒక్కో ఖత్‌కు రెండు రూపాలు, ఒకటి రంగులున్నది, ఒకటి సాదా అక్షరాలది. రెండూ ఒకే కవర్లో పోతాయి. అవతలి ఫోన్ తనకు చేతనైనది తీసి చూపిస్తుంది. మెయిల్‌లో ఇట్లా రెండు కాగితాలు పెట్టే కాయిదా 1992లో వచ్చిందట. మన తెలుగు, ఉర్దూ అక్షరాలు మెయిల్లో సురక్షితంగా ప్రయాణం చేయడానికి దారి పడింది కూడా ఆ కాయిదాతోనే.

సాదా రూపంలో ఒక వింత కనిపించింది. పేర్లలో కొందరు ఇంగ్లిష్‌లో అపాస్ట్రఫీ పెడతారు కదా, సనావుల్లా లాంటి పేర్లలో. దాని స్థానంలో ఏవో పిచ్చి గుర్తులు, నడుమ 27 అంకె వచ్చాయి. ఫారంలో ఎవరైనా దొంగ కోడ్ రాస్తే అది వెబ్ పేజీలో నడవకుండా జంగో అట్లాంటి గుర్తులన్నిటినీ తాళం వేసి పంపుతుందట. పేజీలో ఆ తాళం మనకు కనబడదు. సాదా ఉత్తరంలో మాత్రం తాళం తాళంలాగే కనిపిస్తుంది. అక్కడ తాళం తీసేయమని విడిగా చెప్పాలి.

ఇక పేర్లు. ఇంగ్లిష్‌లో అలవాటైన నమూనా ప్రకారం మావాడు "ఫస్ట్ నేమ్" తీసుకుని "ప్రియమైన" పక్కన పెట్టాడు. ఆంధ్రలో మనవాళ్ళ పేర్లు పదో తరగతి మెమోలో ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ ముందు, అసలు పేరు వెనక. పరీక్షకు పెట్టిన పది ఖత్‌లలో ఆరు "ప్రియమైన షేక్" అంటూ మొదలయ్యాయి. దుబాయ్ వీసాలో, బ్యాంకు మెయిళ్లలో, విమానం టికెట్ మీద ఎన్నేళ్లుగా మనల్ని ఇట్లా పిలుస్తున్నారో గుర్తొచ్చి నవ్వొచ్చింది. మన పిల్లలకు మనమే ఆ పిలుపు పిలవకూడదని గట్టిగా చెప్పా. ఫారంలో "మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలి?" అని ఒక ఖానా పెరిగింది.

తెలుగు ఖత్‌లో ఇంకో చిక్కు. తెలుగులో పేరు ఊరికే కూచోదు, తోక అంటించుకుంటుంది. అలీకి, రేష్మాకు, జావేద్‌ను. ఏ పేరుకు "కి", ఏ పేరుకు "కు" అని మిషన్‌కు ఎవరు చెప్పాలి? ఇక్కడ నా తెలుగు డిగ్రీ పనికొచ్చింది. "గారు" అనే మాట చేర్చు, తోకలన్నీ అదే మోస్తుంది అన్నా. గారికి, గారిని, గారితో. పేరు ముట్టుకోవాల్సిన పనిలేదు. "మీరు" అంటే వచ్చాడా వచ్చిందా అనే గొడవ కూడా పోతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లలకు గారు ఏమిటని కమిటీలో ఒకాయన అన్నాడు గానీ, జకాత్ తీసుకునే చెయ్యి కింద ఉంటుంది కాబట్టి మాట కొంచెం పైన ఉండనీ అని సదర్ సాబ్ సర్దిచెప్పారు.

ఉర్దూ ఖత్ కుడి నుంచి ఎడమకు నడవాలి. రంగుల రూపంలో ఆ మాట చెప్పడానికి ఏర్పాటుంది. సాదా రూపంలో లేదు. వరసలో మొదటి అక్షరం ఏ లిపిదో చూసి చాలా యాప్‌లు దిశ నిర్ణయించుకుంటాయి. వాక్యం మొదట్లో ఇంగ్లిష్ అక్షరాల పేరు వచ్చిందా, వరసంతా ఎడమ నుంచి మొదలై మాటలు తారుమారు అయిపోతాయి. దానికి ఇలాజ్ మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు, పహలే సలాం, బాద్ మే కలాం. పేరు తర్వాతకు జరిపి అస్సలాము అలైకుమ్‌తో మొదలుపెడితే వరస సరిగ్గా నిలబడింది. ఒక్క నస్తాలీఖ్ మాత్రం చేతికి రాలేదు. మనం పంపే ఫాంటును చాలా మెయిల్ యాప్‌లు తీసుకోవు. ఎవరి ఫోన్లో ఏది ఉంటే అదే. కాతిబ్‌ల చేతిరాత చూస్తూ పెరిగిన కళ్ళకు ఆ చదును నస్ఖ్ కొంచెం పరాయిగా ఉంటుంది. సరే, చదవగలిగితే చాలనుకున్నాం.

ఇన్ని మరమ్మతులు చేశాక నేనూ మావాడూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నాం. ములాఖాత్ ఖత్ నూట నలభై మందికి ఒక్క రాత్రిలో పోయింది. బీరువా కాలంలో అయితే వారం పట్టేది.

ములాఖాత్ రోజు పిల్లలు వచ్చారు, తండ్రులు వచ్చారు. ఒక అమ్మాయి రాలేదు. ఇంటర్‌లో మంచి మార్కులు, డిగ్రీ మొదటి సంవత్సరం ఫీజుకు అర్జీ. మెయిల్ చేరలేదేమో అని మావాడు చూశాడు. చేరింది. ఎర్రర్ ఏమీ లేదు. ఫోన్ చేస్తే వాళ్ళ అమ్మ ఎత్తి, "నక్కో బోల్‌రీ భాయ్" అని పెట్టేసింది. ఫీజు వద్దనే పిల్ల మాకు అంతవరకు తగల్లేదు. మర్నాడు సదర్ సాబ్, నేను వాళ్ళింటికి వెళ్లాం.

రెండు గదుల ఇల్లు. వాళ్ళమ్మ మిషన్ కుడుతూ ఉంది. మమ్మల్ని చూసి దుపట్టా సర్దుకుని లేచింది. అమ్మాయి లోపలి నుంచి ఫోన్ తెచ్చి, ఆ మెయిల్ తీసి నా చేతికిచ్చింది. నేను రాసిన వాక్యమే. "ములాఖాత్‌కు మీ వాలిద్ సాహెబ్ ఫలానా గారిని తప్పక వెంటబెట్టుకుని రాగలరు." ఫలానా ఉన్న చోట వాళ్ళ నాన్న పేరు ఉంది. పేరు ముందు ఇంకో మాట ఉంది.

మర్హూమ్.

మర్హూమ్ ఫలానా గారిని తప్పక వెంటబెట్టుకుని రాగలరు.

నేను ఆ వరస ఎన్నిసార్లు చదివానో తెలియదు. అమ్మాయి గొంతు పెంచలేదు. "తండ్రి పేరు ఖానా ఖాళీగా వదిలితే ఫారం ముందుకు పోలేదు అంకుల్. ఉత్త పేరు రాస్తే ఉన్నారనుకుంటారని మర్హూమ్ అని నేనే రాసినా. ఎవరో ఒకరు చదువుతారు కదా, చదివితే తెలుస్తుంది కదా అనుకున్నా."

అంతే అంది. సదర్ సాబ్ తలవంచుకుని ఏదో అన్నారు. నేను మాఫీ అడిగాను. వాళ్ళమ్మ, "ఆప్ లోగాఁ జాన్‌కే తో నై లిఖే నా భాయ్" అని, చాయ్ తాగి వెళ్ళమంది. తెలిసి రాయలేదు కదా అని ఆమె ఇచ్చిన మాఫీ నాకు ఎక్కడ గుచ్చుకుందో చెప్పలేను. తెలుసుకోవడానికి ఆ పిల్ల చేయాల్సిందంతా చేసింది. మేము పెట్టిన ఇరుకు ఖానాలో తన యతీమ్‌తనాన్ని ఒక్క మాటలో రాసి పంపింది. మా దగ్గర అది చదివేవాళ్ళు లేరు.

రాత్రి మావాడితో మాట్లాడా. వాడికి కూడా నిద్ర లేదు. "కోడ్‌లో గల్తీ ఏం లేదు మామూ. ఖానాలో ఉన్నది తీసి వాక్యంలో పెట్టింది" అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఖానాలో ఏమీ లేకపోయినా జంగో ఆగదట. అడగదు, అరవదు, ఆ చోటు ఖాళీగా వదిలి ముందుకు పోతుంది. "మీ వాలిద్ సాహెబ్ గారిని" అని పేరు లేకుండానే పంపేసేది. నేను వాణ్ణి ఏమీ అనలేదు. వాడు తండ్రి పేరు తప్పనిసరి చేశాడు, కమిటీ తండ్రిని తీసుకురమ్మంది, ఆ రెండూ కలిపి వాక్యం రాసింది నేను. ముగ్గురిలో ఒక్కరికీ తండ్రి లేని పిల్ల గుర్తుకు రాలేదు. మేమంతా కూడబలుక్కుని పేద పిల్లలకు ఫీజులు కడదామని కూచున్నవాళ్ళం! ఆ అర్జీలలో యతీమ్‌లు ఉండరా?

నిజం చెప్పాలంటే ఈ రోగం నాకు వెబ్‌సైట్‌తో అంటుకున్నది కాదు. ఇరవై ఏళ్లలో ఎన్ని ప్రమాదాల వార్తలు రాశాను. ఊరు, వాహనం, పేరు, వయసు మారుస్తూ పోవడమే. "మృతునికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు" అనే వాక్యం నా వేళ్ళు నన్ను అడక్కుండానే కొడతాయి. ఆ ఇద్దరు పిల్లల్లో ఒకరు ఏదో ఒక రోజు పెరిగి, ఫారంలో మర్హూమ్ అని రాస్తారని ఎప్పుడూ తట్టలేదు.

ఆ రాత్రే అబ్బా గుర్తొచ్చారు. 1990 ఆగస్టు. ఇరాక్ ఫౌజు కువైట్‌లోకి వచ్చింది. మా మొహల్లాలో రేడియో లేని ఇంటివాళ్ళు రేడియో ఉన్న ఇళ్లకు వచ్చి కూచునేవాళ్ళు. ఉత్తరాలు ఆగిపోయాయి. ఎవరు బతికున్నారో, ఎవరు ఎడారి దాటి జోర్డాన్ వైపు వచ్చారో తెలియదు. తర్వాత అమ్మాన్ నుంచి విమానాలు వేసి లక్షకు పైగా మనవాళ్ళను తీసుకొచ్చారు గానీ, ఆ మొదటి వారాల్లో ఇవేవీ మాకు తెలియవు. అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం మా ఎదురింటి ఖాలా ఏరోగ్రామ్ పట్టుకుని వచ్చింది. చేరుతుందో లేదో, రాసిపెట్టు భాయ్ అంది.

అబ్బా పైన 786 వేశారు. సలాం రాశారు. కలం ఆగింది. నేను పక్కనే ఉన్నా, పదకొండేళ్లు. మొదటి వాక్యం "మేమిక్కడ ఖైరియత్". ఖాలా ముఖం చూస్తే అది రాసేటట్టు లేదు. రెండో వాక్యం "మీ ఖత్ అందింది, చదివి సంతోషించాం".

"ఖత్ ఆయాచ్ నై. కైసా లిఖూఁ?" అన్నారు అబ్బా, ఆమెతోనా తనతోనా తెలియకుండా. ఏరోగ్రామ్ పక్కన పెట్టి, "ముందు చెప్పమ్మా, తర్వాత రాస్తా" అన్నారు. ఆమె చెప్పింది, చాలాసేపు చెప్పింది. ఆ ఖత్‌లో అలవాటు వాక్యం ఒక్కటి కూడా లేదు.

అబ్బాకూ నమూనా ఉంది. వందల ఖత్‌లు దాంతోనే రాశారు, తప్పేం లేదు. అయితే రాసే ముందు ఎదురుగా కూచున్న మనిషి ముఖం చూసేవారు. నేను ఆ అరగంటలో అబ్బా వాక్యాలు తీసుకున్నా, ఆ చూపు వదిలేశా. మెయిల్ పని ఇంకా కష్టం. ఎదురుగా మనిషే ఉండడు. నూట నలభై ముఖాలు ముందే తలచుకుని రాయాలి. వెబ్‌సైట్‌లో తప్పుంటే మావాడు దిద్దితే అందరికీ దిద్దిన పేజీయే కనబడుతుంది. ఆ పిల్ల ఫోన్లో మాత్రం ఆ ఖత్ ఇప్పటికీ అట్లాగే ఉంది. ఒకరింటికి చేరిన మాటను మనం వెళ్ళి దిద్దలేం.

తర్వాత చేసిన పనులు చిన్నవే. మీలో ఎవరైనా ఇట్లాంటి కమిటీలు, మదర్సాలు, షాదీ సహాయాలు నడుపుతుంటే పనికొస్తాయని రాస్తున్నా.

ఫారంలో తండ్రి పేరు తప్పనిసరి తీసేశాం. "మీ సర్పరస్త్ ఎవరు, ఏమవుతారు?" అని అడుగుతున్నాం. అమ్మ కావచ్చు, మామూ కావచ్చు, నానీ కావచ్చు. ఖత్‌లో ఆ వాక్యం ఇప్పుడు ఇట్లా ఉంటుంది: "మీ ఇంటి పెద్దల్లో మీకు వీలైన ఒకరితో రండి. ఎవరికీ వీలు కాకపోతే మీరొక్కరే వచ్చినా చాలు." అందులో ఖానాయే లేదు. ఖానా అవసరం లేని చోట ఖానా పెట్టకపోవడం మంచిదని అప్పుడే తెలిసింది. పేరు గుచ్చితే ఖత్ ఆత్మీయంగా ఉంటుందని నేను అనుకున్నా. తప్పు పేరు, తప్పు చోట పడితే ఆ ఆత్మీయతే కత్తి అవుతుంది.

మావాడు పది మంది ఉత్తుత్తి పిల్లల్ని తయారు చేశాడు. ఒకరికి తండ్రి లేడు. ఒకరికి తల్లీ తండ్రీ లేరు. ఒకరి పేరు ఒకే మాట. ఒకరి పేరు వరసంతా పొడుగు. ఒకరు ఇంటిపేరు ఖానాలో చుక్క మాత్రమే పెట్టారు. నమూనాలో ఒక్క మాట మార్చినా ఈ పది మందికీ ఖత్ తయారై మా తెర మీద కనిపిస్తుంది, బయటికి పోదు. వాటిని పైకి చదువుతాం. కళ్ళు దాటేసిన గల్తీని చెవి పట్టుకుంటుంది. అసలు పంపే రోజున కూడా మెయిళ్లు నేరుగా పోవు. వరసలో ఆగి ఉంటాయి. ఒక మనిషి ఒక్కొక్కటీ చదివి "భేజో" నొక్కాలి. నూట నలభై ఖత్‌లు చదవడానికి ఒక సాయంత్రం చాలు. "ఇంత చేసి మళ్ళీ చేత్తో నొక్కడమా" అని మావాడు మొదట నసిగాడు. తర్వాత వాడే ఆ బటన్ పెట్టాడు.

ఆ అమ్మాయి ఫీజు కమిటీ కట్టింది. ముందు తీసుకోనంది, వాళ్ళమ్మ ఒప్పించింది. నిరుడు రంజాన్‌కు సదర్ సాబ్ ఆమెను అడిగారు, ఖత్‌లు చదివి పంపే పని నువ్వు చూస్తావా బేటీ అని. ఆలోచించి చెబుతానంది. రెండు రోజులకు వచ్చింది.

ఈ ఏడాది పంపే ముందు నాకు ఫోన్ చేసింది. "అంకుల్, మంజూరు కాని వాళ్ళ ఖత్‌లో 'ఇన్షా అల్లాహ్ వచ్చే ఏడాది మళ్ళీ అర్జీ పెట్టుకోండి' అని ఉంది."

"అవును బేటీ, నేనే రాశా. ధైర్యంగా ఉంటుందని."

"వీళ్ళలో ముగ్గురు ఫైనలియర్ వాళ్ళు అంకుల్. వాళ్ళకు వచ్చే ఏడాది లేదు."

నేను కుర్చీలో నిటారుగా కూచున్నా. రెండేళ్లుగా ఆ వాక్యం అట్లాగే పోతోంది. మంచి మాటే కదా అని ఎప్పుడూ మళ్ళీ చూడలేదు. ఎందరు ఫైనలియర్ పిల్లలు దాన్ని చదువుకున్నారో.

"ఆపు బేటీ, పంపకు. కొత్తగా రాసిస్తా" అన్నా.

ఈసారి అరగంట సరిపోలేదు.